బరంపురం వార్త ఒకటి, కవిటి వార్త ఇంకోటి. స్లాబ్ ఉంది, బోటు ఉంది, ఏది చూసుకోవాలి?

బరంపురంలో_కవిటోడు:
అందరికీ నమస్కారం. నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను, పని ఇక్కడే, ఇల్లు మాత్రం శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, సముద్రానికి మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. విషయం ఏంటంటే ఇక్కడ టీవీలో, పేపర్లో గంజాం జిల్లాకి ఎల్లో వార్నింగ్ అని మూడు రోజుల నుంచి చెప్తున్నారు, ఉరుములు ఈదురుగాలులు అంట. అమ్మకి ఫోన్ చేస్తే శ్రీకాకుళం జిల్లాకి అలాంటిదేమీ లేదు, ఎండలే అంటున్నారు అని చెప్పింది. మా ఊరికీ గంజాం బోర్డర్‌కీ మధ్య ఎంత దూరం, ఇచ్ఛాపురం దాటితే అయిపోయింది కదా. గీత ఇవతల వాన, అవతల ఎండ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

నాకు మూడు పనులు దీనిమీదే ఆగి ఉన్నాయి. ఒకటి, ఊళ్ళో ఇంటికి స్లాబ్ వెయ్యాలి, సెంట్రింగ్ అయిపోయింది, మేస్త్రి జూన్ రెండో వారం అంటున్నాడు, అప్పటికి రుతుపవనాలు వచ్చేస్తాయా రావా. రెండు, మా అన్నయ్యది ఇంజన్ ఉన్న ఫైబర్ బోటు, ఏప్రిల్ 15 నుంచి ఒడ్డు మీదే ఉంది, జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, 15 తెల్లారగట్లే వెళ్ళిపోదామని వలలు కట్టుకుని కూర్చున్నాడు, రెండు నెలలు ఆదాయం లేదు మరి. సముద్రం అప్పటికి ఎలా ఉంటుందో వదిన నన్ను అడుగుతోంది, నేను చదువుకున్నానని. మూడు, అమ్మకి 68 ఏళ్ళు, ఈ ఉక్కపోతకి రాత్రి నిద్ర పట్టట్లేదు, నిన్న రెండు గంటలకి కరెంటు పోతే తెల్లారేదాకా అరుగు మీదే కూర్చుందంట. ఈ ఎండ ఎప్పటికి తగ్గుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పర్లాకిమిడి_మాస్టారు:
బాబూ, మీ ప్రశ్న చాలా మంచిది, బోర్డర్‌లో ఉన్నవాళ్ళందరికీ ఉండేదే. నేను బడిలో సైన్స్ చెప్పి రిటైరయ్యాను, పెరట్లో వానమాపకం పెట్టుకుని రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి రాసుకుంటాను, వాతావరణ శాఖ వాళ్ళ లెక్క కూడా ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకానే. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ రెండు వార్తలూ ఎందుకు తేడా అంటే, గంజాంకి చెప్పేది భువనేశ్వర్ కేంద్రం, శ్రీకాకుళంకి చెప్పేది అమరావతి కేంద్రం. ఇద్దరూ ఒకే శాఖ, కానీ హెచ్చరిక జిల్లాకి ఒక రంగు చొప్పున వేస్తారు. గంజాం ఎంత పెద్ద జిల్లానో మీకు తెలుసు, గోపాలపురం సముద్రం దగ్గర మొదలై అటు భంజనగర్ కొండల దాకా ఉంది. ఈ రోజుల్లో ఉరుముల వాన మధ్యాహ్నం ఆ కొండల మీద పుడుతుంది. భంజనగర్ వైపు ఒక్కచోట పిడుగులు పడే అవకాశం ఉన్నా జిల్లా మొత్తానికీ పసుపు రంగే వేస్తారు. అంటే మీరు బరంపురంలో చూసిన ఎల్లో, బరంపురం కోసం కాకపోవచ్చు కూడా. అలాగే శ్రీకాకుళం జిల్లాకి ఏమీ వెయ్యలేదంటే కవిటికి ఏమీ రాదని కాదు.

అందుకని రంగుతో పాటు దాని పక్కనున్న మాట చదవాలి. "ఒకటి రెండు చోట్ల" అంటే జిల్లాలో వంద స్టేషన్లుంటే పాతిక లోపు చోట్ల అని. "కొన్ని చోట్ల" అంటే పాతిక దాటి సగం దాకా. "అనేక చోట్ల" అంటే సగం దాటిందని. మనవాళ్ళు వార్తల్లో ఈ మాట ఎగరగొట్టేసి "గంజాంలో వానలు" అని హెడ్డింగ్ పెట్టేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది, అందులో అసలు విషయమే ఆ మాట. "భారీ వర్షం" అన్నదానికి కూడా కొలత ఉంది, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ.

రంగుల సంగతి: పసుపు అంటే గమనిస్తూ ఉండండి అని, నారింజ అంటే సిద్ధంగా ఉండండి అని, ఎరుపు అంటే ఇంక పని మొదలెట్టండి అని. పసుపుకి స్లాబ్ ఆపక్కర్లేదు, నారింజకి మాత్రం ఆపండి.

ఇక రుతుపవనాలు. కేరళకి మామూలుగా జూన్ 1, మన వైపు మామూలుగా జూన్ రెండో వారం. కానీ కేరళకి తొందరగా వస్తే మనకీ తొందరగా వచ్చేస్తుందనుకోకండి. 2025లో కేరళకి మే 24నే వచ్చేసింది, మే నెలాఖరుకి దక్షిణ ఒడిశాలోకి కూడా అడుగుపెట్టింది, అందరం సంబరపడ్డాం, తర్వాత జూన్ సగం దాకా అక్కడే నిలబడిపోయింది, మళ్ళీ ఎండలు. 2023లో అయితే కేరళకే జూన్ 8న వచ్చింది, మన దగ్గర జూన్ మూడో వారం దాకా వడగాడ్పులే. కాబట్టి మేస్త్రి "రెండో వారం" అన్నది ఊహ. ప్రతి గురువారం వాతావరణ శాఖ రాబోయే వారాలకి అంచనా ఇస్తుంది, అది చూసి వారం ఎంచుకోండి, ఆ వారంలో ఏ రోజు అన్నది ఐదు రోజుల జిల్లా అంచనా చూసి ఖాయం చెయ్యండి. నెల ముందు నుంచి తేదీ పట్టుకు కూర్చోవద్దు.

స్లాబ్ పొద్దున్న ఆరుకే మొదలెట్టి మధ్యాహ్నానికి అయిపోయేలా చూసుకోండి, ఎందుకంటే ఈ ఉరుముల వాన సాయంత్రాలే వస్తుంది. వేసిన మొదటి కొన్ని గంటల్లో గట్టి వాన పడితే పైన సిమెంటు పాలు కొట్టుకుపోతుంది. మర్నాడు పడితే మంచిదే, నీళ్ళు కట్టే పని తగ్గుతుంది. టార్పాలిన్ మాత్రం ముందే తెచ్చి పెట్టుకోండి.

డొంకూరు_ఒడ్డు:
మాస్టారు నేల గురించి బాగా చెప్పేరు. సముద్రం గురించి నాను చెప్తాను. నాకు రాయడం రాదు, నాను చెప్తంటే మా మనవడు టైప్ చేస్తన్నాడు.

బాబూ మీ అన్నయ్యకి చెప్పు, 15 తెల్లారగట్ల ఎల్లాలని రూలేటీ లేదు. నిషేధం అయిపోయింది అంటే గవర్నమెంటు ఎల్లొచ్చు అన్నాది గానీ సముద్రం రమ్మన్లేదు. మాకూ రెండు నెలలు చేతిలో డబ్బు ఉండదు, డీజిలుకి అప్పు చేసి ఉంటాం, వల కొత్తది ఉంటాది, పక్కోడు ఎల్తే మనం ఎల్లకపోతే ఆడికి చేప పడిపోద్దేమో అని గుండె పీకుద్ది. అదే ప్రమాదం. ఆ మొదటి రోజు అందరూ ఒకేసారి దిగిపోతారు, ఆ రోజే గాలి తిరిగిందనుకో, ఒడ్డుకి అందరూ ఒకేసారి రావాల, ఒడ్డున కెరటం విరుగుతుంటాది. మాకు హార్బరు లేదు, బోటు ఇసక మీదకే లాగాల. నడిసముద్రంలో బోటు పోవడం తక్కువ, ఒడ్డు కెరటం కాడే తిరగబడద్ది.

నైరుతి గాలి పట్టిందంటే మా వైపు నీరు ఉత్తరం లాగుద్ది. వల వేసిన కాడ ఉండదు, గోపాలపురం వైపు ఈడ్చుకుపోద్ది. డొంకూరులో ఎక్కినోడు ఒడిశాలో సోనాపూర్ దాటి తేలతాడు. ఇంజన్ చెడిపోతే ఇంకా పైకి. అందుకే మాలాటోళ్ళకి ఆంధ్రా వార్త ఒకటే చాలదు, ఒడిశా వార్త కూడా ఇనాల. మనం పోయేది అటే కదా.

ఇంకోటి, ఈ నెలలో సాయంత్రం పడమట మబ్బు చూడాల. పడమట మహేంద్రగిరి మీద నల్లగా లేచి, అప్పటిదాకా ఉన్న సముద్రపు గాలి టక్కున ఆగిపోయి, చెమట కారిపోతదే, ఆకు కదలదు, అప్పుడు అర్థం చేసుకోవాల. అరగంటలో చల్లటి గాలి పడమట్నుంచి దూకుద్ది, ఒడ్డు మీద రేకులు లేచిపోతాయి, నీటి మీద ఉన్నోడిని తూర్పుకి తోసేస్తాది. ఒడియావాళ్ళు కాలవైశాఖి అంటారు. నాను ఒకసారి అలా దొరికిపోయాను, చాలా ఏళ్ళు అయింది, రాత్రంతా నీళ్ళు తోడుకుంటూ తెల్లారి ఒడ్డుకొచ్చాం, నలుగురం బతికేం. అప్పుడు ఫోను లేదు ఏమీ లేదు. ఇప్పుడు మీకు అన్నీ ఉన్నాయి, చూసుకుని ఎల్లండి.

జైపూర్_నుంచి:
ఇంత కష్టపడటం ఎందుకు, ఫోన్లో వెదర్ యాప్ ఉంటుందిగా, గంట గంటకీ చూపిస్తుంది వాన ఎంత శాతం అని. నేను కోరాపుట్ ఘాట్ ఎక్కేముందు అదే చూసుకుంటాను, ఎక్కువసార్లు కరెక్ట్‌గానే ఉంటుంది.

పర్లాకిమిడి_మాస్టారు:
చూడొచ్చు నాయనా, తప్పులేదు. కానీ ఫోన్‌తో పాటు వచ్చే చాలా యాప్‌లు ప్రపంచమంతటికీ ఒకే కంప్యూటర్ లెక్కని గళ్ళు గళ్ళుగా చేసి చూపిస్తాయి. గడిలో కొండ, మైదానం, సముద్రం కలిసిపోతే ఆ సగటు ఎవరికీ సరిపోదు, మహేంద్రగిరి 1501 మీటర్లు, అక్కడ్నుంచి సముద్రం ఎంత దూరం చెప్పండి, పొద్దున్న శిఖరం ఎక్కితే నీళ్ళు కనిపిస్తాయి. ఉరుముల వాన అయితే పది కిలోమీటర్ల వెడల్పు ఉంటుందో ఉండదో. దానికి రాడారే గతి. మన అదృష్టం ఏంటంటే బోర్డర్‌కి ఒకపక్క గోపాలపురంలో ఒక డాప్లర్ రాడార్, ఇంకోపక్క విశాఖపట్నంలో ఒకటి, రెండిట్లోనూ మన ప్రాంతం పడుతుంది. వాతావరణ శాఖ సైట్లో రాడార్ బొమ్మ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, మబ్బు ఎటు కదులుతోందో కొన్ని నిమిషాలకోసారి మారుతుంది. దాన్నిబట్టే వాళ్ళు మూడు గంటల ముందు హెచ్చరిక ఇస్తారు, నౌకాస్ట్ అంటారు. పొద్దున్న చెప్పిన దానికీ సాయంత్రం నాలుగింటికి నౌకాస్ట్‌లో చెప్పేదానికీ తేడా వస్తే రెండోదాన్నే పట్టుకోండి.

డొంకూరు తాతగారు చెప్పినది వంద శాతం నిజం అండీ. సముద్రపు గాలి ఆగడం, చల్లగాలి దూకడం, పుస్తకంలో పేజీలు పేజీలు రాసేదే ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశారు. వాన మబ్బులోంచి చల్లబడిన గాలి బరువెక్కి కిందకి పడి నేలకి తగిలి ముందుకి దూసుకొస్తుంది, వాన కంటే ముందే వచ్చేది అదే.

సముద్రం బులెటిన్ గురించి ఒక్కమాట కలుపుతాను. నేల మీద వార్త వేరు, తీరం బులెటిన్ వేరు, నడిసముద్రం బులెటిన్ వేరు. తీరం బులెటిన్ ఒడ్డు నుంచి 75 కిలోమీటర్ల దాకా, అది దాటితే నడిసముద్రంది చూడాలి. పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి, "ఉత్తర కోస్తా ఆంధ్ర తీరం వెంబడి", "దక్షిణ ఒడిశా తీరం వెంబడి", ఆపైన "పశ్చిమ మధ్య బంగాళాఖాతం", "వాయవ్య బంగాళాఖాతం". కవిటి బోటుకి ఈ నాలుగూ కావాలి. గాలి గంటకి 45 నుంచి 55 కిలోమీటర్లు, ఒక్కోసారి 65 దాకా అని రాసి మత్స్యకారులు వెళ్ళవద్దు అని ఉంటే ఆ రోజు ఇంక ఆలోచనే వద్దు. ఒడ్డున ఎండ కాస్తున్నా సరే.

బరంపురంలో_కవిటోడు:
మాస్టారూ, తాతగారూ, చాలా థాంక్స్. ఒక డౌట్, అన్నయ్య అంటున్నాడు, ఒక్కోసారి గాలి అసలు ఉండదు, ఆకాశం శుభ్రంగా ఉంటుంది, అయినా కెరటాలు పెద్దవి వస్తాయి అని. అది ఎలా? దానికి కూడా ముందు వార్త ఏమైనా ఉంటుందా?

పర్లాకిమిడి_మాస్టారు:
ఉంటుంది. అవి ఇక్కడ పుట్టిన కెరటాలు కావు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను గాలి రేపిన అలలు వేల కిలోమీటర్లు నడిచి రోజుల తర్వాత మన ఒడ్డుకి చేరతాయి. చూస్తే గుర్తుపట్టొచ్చు, గాలి కెరటం దగ్గర దగ్గరగా గజిబిజిగా ఉంటుంది, ఇది మాత్రం కెరటానికీ కెరటానికీ మధ్య చాలాసేపు గ్యాప్ ఉంటుంది, పదిహేను సెకన్లు పైనే, నడిసముద్రంలో బోటుకి తెలియదు కూడా, ఒడ్డుకి వచ్చేసరికి లేచి నిలబడుతుంది. కేరళలో కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని. దీనికి హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సంస్థ ఉంది, జిల్లాల వారీగా కెరటాల ఎత్తు, ఉప్పెన హెచ్చరిక ఇస్తారు. చేపలు ఎక్కడ దొరకొచ్చో కూడా వాళ్ళే చెప్తారు, మీ అన్నయ్యకి అది తప్పకుండా చూపించండి, డీజిల్ కలిసొస్తుంది.

అమావాస్య పున్నమిలకి పోటు ఎక్కువ ఉంటుంది కదా, అదీ ఇదీ కలిస్తే ఒడ్డు మీద లాగి పెట్టిన బోటు కూడా కదిలిపోతుంది. ఇంకొంచెం పైకి లాగి కట్టమనండి.

గుణుపురం_కోడలు:
అందరూ బోటు, స్లాబ్ అంటున్నారు, అమ్మగారి గురించి నేను చెప్తాను. మాది కవిటి పక్క సోంపేట, పెళ్ళయి గుణుపురం వచ్చాను, రెండు ఎండలూ నాకు తెలుసు. గుణుపురంలో థర్మామీటర్ ఎక్కువ చూపిస్తుంది, 42, 43, నిప్పులే, కానీ రాత్రికి కాస్త ఆరుతుంది, నీడలోకి వెళ్తే ఊపిరి ఆడుతుంది. సోంపేటలో 35 అంటారు, వార్తల్లో పేరే రాదు, కానీ ఒళ్ళు ఆరదు. 35 డిగ్రీలకి గాల్లో తేమ 60 శాతం ఉంటే ఒంటికి 45 లెక్క, చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. మైదానంలో వడగాడ్పు అని చెప్పాలంటే కనీసం 40 ఉండాలి, సముద్రం ఒడ్డున 37కే చెప్తారు, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే. కాబట్టి "మాకు వడగాడ్పు వార్నింగ్ లేదు" అని ముసలివాళ్ళని వదిలెయ్యకండి.

పోయిన ఏడు మా మామగారికి వడదెబ్బ తగిలింది, బయటకి వెళ్ళి కాదు, ఇంట్లోనే, రేకుల గది, రాత్రి పూట. మాట తడబడింది, ఒళ్ళు కాలిపోతోంది కానీ చెమట లేదు, మేం నిద్రమత్తు అనుకున్నాం. ఆస్పత్రిలో చేర్చుకునేదాకా గంటన్నర తిరిగాం, దేవుడి దయ వల్ల బతికారు. మాట తడబడితే, చెమట ఆగిపోతే అది జ్వరం అనుకోవద్దు, తడిబట్ట చుట్టి మెడ, చంకలు తడుపుతూ వెంటనే తీసుకెళ్ళండి. అమ్మగారికి పొద్దున్నే చోడి (రాగి) అంబలి ఇవ్వమనండి, మజ్జిగలో ఉప్పు వేసి ఇవ్వండి, దాహం వేసేదాకా ఆగొద్దనండి. సముద్రపు గాలి వచ్చే తూర్పు కిటికీ తీసి అక్కడ మంచం వెయ్యండి. పడమటి గాలి బలంగా ఉన్న రోజు ఆ సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రాలేదు, ఆ రోజులే ఘోరంగా ఉంటాయి, ఆ రోజు మధ్యాహ్నం ఎవరైనా ఇంట్లో తోడుండాలి.

పిడుగుల సంగతి కూడా. మా అత్తగారి ఊళ్ళో జీడితోటలో పని చేసేవాళ్ళు వాన రాగానే చెట్టు కిందకే పరిగెడతారు. కొబ్బరి చెట్టు కింద, పనసచెట్టు కింద నిలబడొద్దు. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుని విపత్తుల్లో చేర్చింది, అంతమంది పోతున్నారు. దామిని అని యాప్ ఉంది, చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్లలో పిడుగు పడితే చూపిస్తుంది. యాప్ లేకపోతే మెరుపుకీ ఉరుముకీ మధ్య లెక్కపెట్టండి, మూడు లెక్కపెడితే కిలోమీటరు. ముప్పై లోపు అయితే ఇంట్లోకి వెళ్ళిపోవాలి.

ఉద్దానం_కొబ్బరాకు:
తుపాను సంగతి ఎవరూ ఎత్తలేదు. మే, జూన్ మొదట్లో వచ్చేవి ఎక్కువగా బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు పోతాయి, అందుకని మనవాళ్ళు ఈ నెలలో ధైర్యంగా ఉంటారు, మనకి అక్టోబరే గండం అని. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాలపురం దగ్గర, తిత్లీ 2018 అక్టోబర్ 11న వజ్రపుకొత్తూరు దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర తీరం దాటాయి, నిజమే. కానీ ఫణి 2019 మే 3న పూరీ దగ్గర దాటింది, దాటే ముందు మన తీరం పక్కనుంచే వెళ్ళింది, ఇచ్ఛాపురం, కవిటి, కంచిలిలో చెట్లు పడ్డాయి, స్తంభాలు పడ్డాయి. మే అని తేలిగ్గా తీసుకోవద్దు.

తిత్లీ రాత్రి నేను ఊళ్ళోనే ఉన్నాను. మా నాన్న 40 ఏళ్ళు పెంచిన కొబ్బరి తోట తెల్లారేసరికి పడుకుని ఉంది. లక్షల చెట్లు పోయాయి ఉద్దానంలో. నాన్న ఏడవలేదు, తోటలోకి వెళ్ళి ఒక్కో చెట్టునీ తాకి చూసి వచ్చాడు. అదే తుపాను గీత దాటి గజపతి జిల్లాలోకి వెళ్ళి అక్కడ కొండచరియ విరిగి ఒకే చోట పదిమందికి పైగా పోయారు, వంశధార పొంగింది. తీరం దాటేసింది కదా అని అటువాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక జరిగింది అది. అందుకే నేను రెండు రాష్ట్రాల బులెటిన్లూ చూస్తాను, ఒక్కరోజు కూడా మానను.

అల్పపీడనం అన్న మాట వినగానే భయపడక్కర్లేదు, రుతుపవనాల్ని లాక్కొచ్చేది కూడా అదే. గాలి వేగం చూడండి, గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 దాటితే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుపాను.

బరంపురంలో_కవిటోడు:
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, చాలా చాలా థాంక్స్ అందరికీ. రాత్రి అన్నయ్యతో మాట్లాడాను, తాతగారి మాటలు చదివి వినిపించాను, ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తాత చెప్పింది కరెక్టే, 15న పొద్దున్న బులెటిన్ చూసి చెప్పు, నువ్వు చెప్పేదాకా దింపను" అన్నాడు. మా అన్నయ్య నాతో అలా అనడం ఇదే మొదటిసారి. కాబట్టి 15 పొద్దున్నే నేను నాలుగు బులెటిన్లూ చూడాలి. స్లాబ్‌కి మేస్త్రితో తేదీ కొట్టేయించాను, గురువారం అంచనా వచ్చాక చెప్తానన్నాను, గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. అమ్మ మంచం తూర్పు గదిలోకి మార్చారు.

డొంకూరు_ఒడ్డు:
మంచిది బాబూ. బోటులో లైఫ్ జాకెట్లు ఎంతమంది ఉంటే అన్ని పెట్టమను, కూర్చోడానికి కింద వేసుకోడం కాదు, తొడుక్కోమను. కోస్ట్ గార్డు నంబరు 1554, బోటు మీద పెయింటుతో రాయించు, ఫోను తడిసిపోయినా పక్కోడి ఫోన్లో కొట్టొచ్చు. కవ్వళ్ళ చేపలు పడితే మాకూ చెప్పు.

బరంపురంలో_కవిటోడు:
రాయిస్తాను తాతగారూ. ఇప్పుడే ఇక్కడ గాలి ఆగిపోయింది, పడమట నల్లగా లేచింది. రాడార్‌లో చూస్తే మబ్బు ఇచ్ఛాపురం వైపే దిగుతోంది. అమ్మకి ఫోన్ చేసి దండెం మీద బట్టలు తీసి లోపల కూర్చోమని చెప్పి వస్తాను.